ఒంగోలులో ఆర్ఎక్స్ 100 కార్బేటర్ ట్యూనింగ్: బోర్డు లేని ఒక షెడ్డు

ముందు బండి సంగతి చెప్తా. 1993 మోడల్ యమహా ఆర్ఎక్స్ 100, ఏపీ 27 నంబరు, మా నాన్న కొన్నది. 98 సీసీ టూ స్ట్రోక్, 11 హార్స్‌పవర్, బరువు వంద కిలోల దగ్గర, అందుకే ఇప్పటికీ కుర్రాళ్లు సిగ్నల్ దగ్గర "అన్నా, ఇస్తావా?" అని అడుగుతుంటారు. ఇవ్వను. నేను పనిచేసేది చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో, రోజూ ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద దీనిమీదే పోయి వస్తా. ఆ రోడ్డు తెలిసినవాళ్లకి దుమ్ము గురించి చెప్పక్కర్లేదు, రాళ్ల లారీ వెనక పది నిమిషాలు పోతే కనుబొమ్మలు తెల్లబడతాయి.

మొన్న ఉగాది అయిన కొన్నాళ్లకి బండికి ఒక జబ్బు పట్టుకుంది. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది, ఎక్స్‌లేటర్ వదిలితే మాత్రం రేసు దిగదు, రెండు మూడు సెకన్లు అట్లాగే గీ... అని అరిచి అరిచి ఒక్కసారిగా పడిపోయి ఆగిపోతుంది. ఎండ ఎక్కేకొద్దీ ఇంకా ఎక్కువ. మంగమూరు రోడ్డు జంక్షన్‌లో ఒకరోజు నాలుగుసార్లు ఆగింది, వెనక ఆటోవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బేటర్‌దే తప్పన్నారు అందరూ. (మా దగ్గర సగంమంది దాన్ని 'కార్పొరేటర్' అనే అంటారు, "కార్పొరేటర్ పాడైంది, మార్చెయ్యాల" అని మెకానిక్ గట్టిగా అంటే పక్కన టీ తాగేవాళ్లు తలతిప్పి చూస్తారు.) మొదట పోయిన షాపులో చూడకుండానే కొత్తది వెయ్యాలన్నారు, డూప్లికేట్ కార్బేటర్ ఒకటి వేశారు, జబ్బు పోలేదు. మికునీ కంపెనీది పాత కార్బేటర్‌ని మాత్రం ఎందుకో అడిగి తెచ్చుకుని కవర్లో చుట్టి అటక మీద పెట్టా, నేను ఈ వ్యవహారం మొత్తంలో చేసిన తెలివైన పని అదొక్కటే. రెండో షాపులో కుర్రాడు జెట్ (పెట్రోల్ పోయే సన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క) విప్పి దాంట్లో పిన్నీసు పెట్టి పొడిచాడు, నేను చూస్తుండగానే. ఇత్తడి జెట్‌లో స్టీలు పిన్నీసు తిప్పితే ఆ రంధ్రం గుండ్రంగా ఉంటుందా? మూడో చోట, పెట్రోల్ సరిపోవట్లేదని మెయిన్ జెట్ పెద్దది వేశారు. అప్పట్నుంచి పాత జబ్బుకి తోడు పొగ, నల్లబడిన ప్లగ్గు, లీటరుకు 38 ఇచ్చే బండి 24కి దిగింది. కంట్లో నలుసు పడితే కాలికి కట్టు కట్టినట్టు అయింది నా పని. ముగ్గురి దగ్గరా కలిపి నాలుగువేల తొమ్మిదొందలు పోయింది. పేర్లు రాయట్లేదు, అందులో ఒకాయన మా వీధివాడే.

ఇక అసలు విషయం. కర్నూలు రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో వేపచెట్టు కింద రేకుల షెడ్డు. బోర్డు లేదు. పేరు, ఫోన్ నంబరు రాస్తానంటే వద్దన్నాడు అక్కడి మెకానిక్ భాయ్, "ఉన్నవాళ్లకే చెయ్యలేకపోతున్నా, నువ్వు ఇంకో పదిమందిని పంపుతావా" అని. కావాల్సినవాళ్లు ఆ పక్కన ఏ పంచర్ షాపులో అయినా "టూ స్ట్రోక్ భాయ్" అని అడిగితే చూపిస్తారు. అరవై దాటి ఉంటాయి, కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతుంటుంది, చేతిగోళ్లు మాత్రం ఎప్పుడూ పొడుగ్గా ఉంటాయి. అవి ఎందుకో తర్వాత తెలిసింది.

నాకు నచ్చింది ఏమిటంటే, "కార్బేటర్ భాయ్" అని నేను చెప్పినా ఆయన గంటసేపు కార్బేటర్ ముట్టుకోలేదు. ముందు సైడ్ కవర్ తీసి ఎయిర్ ఫిల్టర్ ఫోమ్ బయటికి లాగాడు. పిండితే గ్రానైట్ పొడి సున్నంలా కారింది. "దీంతో బండికి ఊపిరి ఎట్లా ఆడుద్ది అబ్బాయ్?" అన్నాడు. కిరోసిన్‌లో పిసికి, సబ్బునీళ్లలో కడిగి, ఎండలో ఆరేసి, ఆయిల్‌లో ముంచి గట్టిగా పిండి పెట్టాడు. తర్వాత ట్యాంకు కాక్ దగ్గర పైపు పీకి పెట్రోల్ ధారగా పడుతుందా చుక్కలుగా పడుతుందా చూశాడు. తర్వాత ప్లగ్గు. తర్వాత బండి స్టార్ట్ చేసి, అద్దాలు తుడిచే స్ప్రే సీసాలో సబ్బునీళ్లు పోసుకుని, కార్బేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు జాయింట్ చుట్టూ కొంచెం కొంచెం కొట్టాడు. ఒక మూల దగ్గరికి రాగానే అప్పటిదాకా అరుస్తున్న బండి శబ్దం టక్కున తగ్గింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ తగ్గింది. నా వంక చూసి ఏమీ అనలేదు.

విప్పి చేతిలో పెట్టాడు. పైకి నల్లగా నిగనిగలాడుతోంది, బాగానే ఉందనిపించింది. బొటనవేలితో వెనక్కి వంచితే మడమ పగుళ్లలా సన్నగా మూడు చీలికలు తెరుచుకున్నాయి, వదిలితే మూసుకున్నాయి. అక్కణ్నుంచి గాలి దొంగతనంగా లోపలికి పోతోంది, ఆ గాలికి సరిపడా పెట్రోల్ రాదు, అందుకే రేసు దిగదు, అందుకే వేడెక్కి ఆగిపోవడం. మెయిన్ జెట్ పనిచేసేది ఎక్స్‌లేటర్ ముప్పావు తిప్పాక. స్లోలో వచ్చే జబ్బుకి అది పెద్దది వేస్తే ఏం లాభం? స్లోలో పెట్రోల్ తక్కువ, ఫుల్‌లో ఎక్కువ, పైన ఫిల్టర్ మూసుకుపోయి ఇంకా ఎక్కువ. ఒకే బండిలో రెండు జబ్బులు, ఒకదాన్ని ఇంకోటి కప్పెట్టింది. టూ స్ట్రోక్‌లో ఇది ఆటలాడే సంగతి కాదు, గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే ఇంజిన్ మరీ వేడెక్కుద్ది, ఒకరోజు బైపాస్ మీద పిస్టన్ పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోయిందంటే మన గతి ఏంటో ఆలోచించుకోండి.

ఒరిజినల్ జాయింట్ ఒంగోలులో దొరకలేదు. తెప్పించడానికి తొమ్మిది రోజులు పట్టింది, ఈలోగా బస్సుల్లో తిరిగా. అది ఆయన తప్పు కాదుగానీ "రేపు వస్తుంది" అని ఐదుసార్లు అనడం ఆయన తప్పే.

జాయింట్ వచ్చాక అటక మీది పాత మికునీ తీసుకుపోయా. డూప్లికేట్‌లో స్లైడ్ (ఎక్స్‌లేటర్ తిప్పితే పైకి లేచే ముక్క) లొడలొడలాడుతోందని పక్కన పడేశాడు. మికునీ అడుగు గిన్నె విప్పితే ఆకుపచ్చ, తెలుపు కలిసిన పొడి పేరుకుని ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, నీళ్లు ఎక్కువైతే విడిపోయి అడుగుకి చేరుతుంది, పాత రబ్బర్లని ఉబ్బించి పాడు చేస్తుంది. మనది సముద్రం పక్క ఊరు, గాలిలో తేమకి కొదవా! వారం పదిరోజులు బండి తియ్యకపోతే కాక్ మూసి, ఆగిపోయేదాకా నడిపి, గిన్నె ఖాళీ చేసి పెట్టమన్నాడు. గిన్నెలో పెట్రోల్ మట్టాన్ని చూసే ఫ్లోట్‌కి తగిలి ఉండే పిన్ను కొనని గోటితో తడిమి నన్నూ తడమమన్నాడు. నా గోటికి ఏమీ తెలియలేదు. ఆయన గోటికి చుట్టూ ఒక గీత తగులుతుందట, అరిగిందన్నమాట, అందుకే ఓవర్‌ఫ్లో పైపు నుంచి చుక్కలు కారేది. పొడుగు గోళ్ల రహస్యం అదీ. పిన్నీసు తిన్న జెట్టూ, పెద్ద మెయిన్ జెట్టూ ఆ డూప్లికేట్‌తోనే పోయాయి, మికునీకి కంపెనీ సైజు జెట్లే కొత్తవి వేశాడు. మిగతా సందులన్నీ క్లీనర్ కొట్టి, గాలి పట్టి, ఒక్కోదాన్నీ ఎండకి ఎత్తి చూశాడు.

ట్యూనింగ్ మాత్రం చూసి తీరాలి. అద్దంకి బస్టాండ్ దాకా ఒక రౌండు వేసి రమ్మన్నాడు, ఇంజిన్ వేడెక్కకుండా స్క్రూ తిప్పితే అంతా వృథా. ఎయిర్ స్క్రూని మెల్లగా పూర్తిగా లోపలికి బిగించి (గట్టిగా బిగిస్తే కొన పోతుంది), ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పి, అక్కణ్నుంచి పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు. బయటికి తిప్పితే గాలి ఎక్కువ, లోపలికి తిప్పితే పెట్రోల్ ఎక్కువ. రేసు ఎక్కడ పైకి లేస్తుందో అక్కడ ఆపి, స్లో స్క్రూతో కిందికి దించాడు. రెండున్నర చుట్లు దాటితేగానీ కుదరట్లేదంటే స్లోలో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్ పెద్దదైనట్టు, ఒక చుట్టులోపే కుదురుతోందంటే చిన్నదైనట్టు, స్క్రూతో సర్దుకోవద్దు అన్నాడు. తర్వాత హ్యాండిల్ గ్రిప్ మీద తెల్ల టేపు చుట్టి బాల్ పెన్నుతో పావు, సగం, ముప్పావు గీతలు గీశాడు. ఏ గీత దగ్గర బండి వెనక్కి లాగితే తప్పు ఆ ముక్కలో ఉన్నట్టు. పావులోపు పైలట్ జెట్, స్లైడ్. పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌తోపాటు లేచే సూది. ఆ పైన మెయిన్ జెట్. నాది సగం దగ్గర కొంచెం తడబడింది. సూది మీదున్న అయిదు గాట్లలో మధ్యలో ఉన్న క్లిప్పుని ఒక గాటు కిందికి దించాడు, సూది పైకి లేచి కాస్త పెట్రోల్ ఎక్కువ వస్తుంది, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి అది కావాలట. ఒకసారికి ఒక్కటే మార్చడం, మార్చాక తోలి చూడటం. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో నీకూ తెలియదు నాకూ తెలియదు అంటాడు.

మర్నాడు తెల్లారి ఖాళీగా ఉంటుందని కొత్తపట్నం రోడ్డుకి పోయి కొత్త ప్లగ్గుతో మూడో గేర్లో ఫుల్‌గా తోలి, క్లచ్ పట్టి అక్కడికక్కడే ఆఫ్ చేసి ప్లగ్గు విప్పాం. కాఫీపొడి రంగు. తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ, మసిలా ఉంటే ఎక్కువ. "ఇదీ" అన్నాడు, అంతే.

ఇంకో సంగతి చెప్పకపోతే నిద్రపట్టదు. మా పెద్దమ్మ కొడుకు మిన్నెసోటాలో ఉంటాడు, మంచు మీద తిరిగే పాత స్నోమొబైల్ ఒకటి కొన్నాడు, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, రెండు మికునీ కార్బేటర్లు. జనవరిలో ఒకరోజు సాయంత్రం నేను షెడ్డులో ఉండగా వీడియో కాల్ చేశాడు, ఎక్స్‌లేటర్ నొక్కగానే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై పడిపోతోందని. భాయ్ కళ్లజోడు పెట్టుకుని ఫోన్‌లోకి చూసి, "మంచులో తిరిగే బండికి కూడా ఇదేనా!" అని కాసేపు నవ్వి, ఎండాకాలమంతా పెట్రోల్ పోసి వదిలేశావా అని అడిగాడు. వదిలేశాడట. అయితే పైలట్ జెట్లు మూసుకున్నాయి, రెండూ విప్పమన్నాడు. బిగించాక రెండు స్లైడ్లూ ఒకేసారి లేస్తున్నాయో లేదో, ఒకే సైజు డ్రిల్ బిట్లు రెండిటి కిందా పెట్టి చూసుకోమన్నాడు. చలికి గాలి చిక్కబడుతుంది కాబట్టి అక్కడ మెయిన్ జెట్ పెద్దది పడుతుంది, చలి ఎంత, ఊరు ఎంత ఎత్తు అనేదాన్ని బట్టి ఏ జెట్ వెయ్యాలో చార్టు బండి బానెట్ కిందే అంటించి ఉందని మావాడే చూపించాడు. "మనకీ ఇట్లా ఒక చార్టు ఉంటే బాగుండు" అన్నాడు భాయ్, అసూయగా. మావాడి బండి రెండ్రోజులకి దారిలో పడింది.

ఖర్చు: జాయింట్ 420, కిట్టూ జెట్లూ 350, ప్లగ్గు 110, కూలి 800. మొత్తం 1,680. బిల్లు ఇవ్వడు, సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిస్తాడు. ఇప్పుడు మైలేజీ 36 వస్తోంది. రేసు వదిలితే దిగుతోంది, నాకు అది చాలు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఫోన్ ఎత్తడు. రోజుకి రెండు బళ్లకంటే పట్టడు, శుక్రవారం మధ్యాహ్నం ఉండడు. కూర్చోడానికి ఒక ఆయిల్ డబ్బా, అది కూడా ముందొచ్చినవాడికే. క్లచ్ కేబుల్ మార్చమని చెప్తే మర్చిపోయాడు, రెండోసారి పోవాల్సి వచ్చింది. కార్బేటర్ లేని ఇంజెక్షన్ బళ్లు తీసుకుపోతే ముఖం తిప్పుకుంటాడు, కాబట్టి కొత్త బళ్లవాళ్లు ఆ సందులోకి పోకండి. అయిదుకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒకటీ ఐదు "రేపు"లకి కోసింది.

పోయేవాళ్లు పొద్దున పదిలోపు పోండి, బండి చల్లగా ఉండగా మొదటి కిక్కు ఆయనే కొట్టి చూడాలంటాడు. ముఖ్యంగా బండి కడిగి తీసుకుపోవద్దు. పెద్దాయన దగ్గరికి కదా అని నేను శుభ్రంగా వాటర్ వాష్ చేయించి పోతే మొదటి తిట్టు దానికే పడింది, ఎక్కడెక్కడ కారుతోందో చూపించే ఆయిల్ మరకలన్నీ తుడిచేసుకొచ్చావని.