కార్బెట్‌కు తేదీ ఎలా ఎంచుకోవాలి: పులికి ఒక నెల, పక్షికి మరో నెల

ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ జాతీయ పార్కుకు నవంబరు నుంచి జూన్ వరకు ఎప్పుడైనా వెళ్లొచ్చని ట్రావెల్ ఏజెంట్లు చెబుతుంటారు. ఆ మాట తప్పు కాదు కానీ దాన్ని నమ్ముకుని టికెట్లు తీస్తే సగం మందికి నిరాశే మిగులుతుంది. నవంబరు చివర కనిపించే అడవికీ, మే నెల మధ్యలో కనిపించే అడవికీ పోలిక ఉండదు. అందుకే ముందు ఏం చూడాలనుకుంటున్నారో తేల్చుకోండి, తేదీ సంగతి ఆ తర్వాత.

ఈ తేడాకు కారణం రెండే: నీళ్లు, గడ్డి. పార్కు నడిబొడ్డున రామగంగ పారుతుంది. కాలాగఢ్ దగ్గర ఆ నదికి ఆనకట్ట కట్టడంతో పెద్ద జలాశయం ఏర్పడింది. వానాకాలం ముగిసేసరికి అది నిండి, ధికాలా గడ్డి మైదానంలో పల్లపు భాగాన్ని ముంచేస్తుంది. ఇలాంటి మైదానాలను అక్కడివాళ్లు 'చౌర్' అంటారు. చలికాలమంతా సాగుకు నీళ్లు వదులుతారు కాబట్టి జలాశయం మెల్లగా వెనక్కి తగ్గుతుంది. మార్చి నాటికి బయటపడిన బురద నేల మీద లేత గడ్డి మొలుస్తుంది. ఏనుగుల మందలు మైదానంలోకి దిగేది ఆ గడ్డి కోసమే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఒకే చౌర్‌లో పదుల సంఖ్యలో ఏనుగులు, వాటి మధ్య గున్నలు కనిపిస్తాయి. ఒక్క ఏనుగు మేత మేయడాన్ని ఐదు నిమిషాలు ఓపిగ్గా గమనించండి. తొండంతో గడ్డి కుదురును చుట్టి పట్టి, కాలి గోళ్లతో తన్ని పెకలిస్తుంది. వేళ్లకు అంటిన మట్టి రాలిపోయేదాకా ముందుకాలికి తపతప కొట్టుకుంటుంది. శుభ్రమయ్యాకే నోట్లో పెట్టుకుంటుంది. బైనాక్యులర్లు ఉంటే ఆ దుమ్ము రాలడం కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక గడ్డి. వానల తర్వాత అది మనిషెత్తు దాటి పెరుగుతుంది. నవంబరు, డిసెంబరుల్లో రోడ్డు పక్కన పది అడుగుల దూరంలో పులి పడుకుని ఉన్నా జీపులోంచి కనిపించదు. ఎండలు ముదిరేకొద్దీ గడ్డి పల్చబడుతుంది, పొదల ఆకు రాలుతుంది, చూపు దూరం పెరుగుతుంది. అదే సమయంలో 'సోత్' అని పిలిచే వాననీటి వాగులు ఎండిపోతాయి. ఇక తాగడానికి రామగంగ, మరికొన్ని చెలమలే దిక్కు. వేడికి తట్టుకోలేక పులి నీళ్లలో కూర్చునేదీ అప్పుడే. 2022 గణనలో ఈ టైగర్ రిజర్వులో 260 పులులు తేలాయి, దేశంలోని ఏ రిజర్వుకూ అంత సంఖ్య లేదు. కానీ రిజర్వు విస్తీర్ణం సుమారు 1,288 చదరపు కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం దట్టమైన సాల వనం. ఇక్కడ పులులు చాలా ఉన్నా కంటపడేవి తక్కువ. మధ్య భారతంలోని పార్కుల్లో లాగా రెండు సఫారీల్లో పులి ఖాయం అనుకుని ఎవరూ రాకూడదు.

పులి, ఏనుగు రెండూ కావాలనుకుంటే ఏప్రిల్ మూడో వారం నుంచి జూన్ మొదటి వారం వరకు వెళ్లండి. మన వేసవి సెలవులకూ అది సరిగ్గా సరిపోతుంది. మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటే రోజులుంటాయి, టాపు లేని జీపులో దుమ్ము తినాలి, కొన్నేళ్లు చుట్టుపక్కల కొండల్లో అడవి మంటలు రేగి పొగ కమ్ముకుంటుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలకు మార్చి రెండో సగం మేలు. ఎండ తక్కువ, సాల చెట్లు కొత్త చిగురేస్తాయి, ఏనుగులు దిగడం మొదలవుతుంది. పులి అవకాశం మాత్రం మే నెలంత ఉండదు.

మే నెలలోనూ ఒక చిక్కుంది. ఈదురుగాలితో పెద్ద వాన పడితే అడవిలో ఎక్కడికక్కడ గుంటలు నిండుతాయి. నీళ్ల కోసం నదికి రావలసిన పని జంతువులకు ఒకటి రెండు రోజులు ఉండదు. ఆ మర్నాడు ఉదయం సఫారీ వెలవెలబోతే డ్రైవర్‌నో గైడ్‌నో తప్పుపట్టకండి. తడిసిన ఇసుక దారి మీద కొత్త అడుగుజాడలు మాత్రం అచ్చు గుద్దినట్టు కనిపిస్తాయి, వాటిని చదవడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి రోజు దొరకదు.

పక్షుల కోసం వెళ్లేవారికి లెక్క తలకిందులవుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా వాళ్లకు పండగే. జలాశయం మీద వలస బాతులు దిగుతాయి. పల్లాస్ చేప గద్ద గూడు కట్టేది చలికాలంలోనే. పార్కుకు దగ్గరి పట్టణం రామ్‌నగర్. దాని పైన కోసీ నది గులకరాళ్ల మధ్య ఐబిస్‌బిల్, కొండ చరియల మీద వాల్‌క్రీపర్ హిమాలయాల ఎత్తుల నుంచి దిగి వస్తాయి. వీటికోసం పార్కు పర్మిట్ కూడా అక్కర్లేదు, నది ఒడ్డున ఓపిగ్గా నడిస్తే చాలు. చలికాలం మధ్యాహ్నాల్లో ఘరియల్ మొసళ్లు ఇసుక మీద ఎండ కాగుతాయి. పదకొండు నుంచి రెండు మధ్య రామగంగ మీది క్రోకడైల్ పూల్ దగ్గర ఆగితే మూతి చివర కుండలాంటి బుడిపెతో మగ ఘరియల్ కనిపించే అవకాశం బాగా ఉంటుంది.

సంక్రాంతి సెలవులకు వెళ్లేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. జనవరిలో తరాయి ప్రాంతమంతా, అంటే హిమాలయాల దిగువ పల్లపు నేలంతా, పొగమంచు కప్పేస్తుంది. రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. ధికాలా మైదానంలో మంచు విడిపోయేసరికి ఉదయం సఫారీలో సగం సమయం గడిచిపోతుంది. ఆ నెలలో ఒక్క సఫారీకే వీలుంటే మధ్యాహ్నం పూటది తీసుకోండి. ఉదయం తప్పదంటే చెవులు మూసే టోపీ, చేతి తొడుగులు, గాలి చొరబడని కోటు ఉండాలి. చలి అయిదు డిగ్రీలే అయినా కదిలే జీపులో అది ఎముకల్లోకి దిగుతుంది.

దసరా, దీపావళి సెలవులకు బుక్ చేసుకునేవారు ఎక్కువగా మోసపోయేది జోన్ల (సందర్శకుల కోసం పార్కును విడదీసిన భాగాల) తేదీల దగ్గర. ధికాలా నవంబరు 15న తెరుచుకుని జూన్ 15న మూతపడుతుంది. బిజ్రానీ అక్టోబరు 15 నుంచి జూన్ 30 వరకు. ఝిర్నా, ఢేలా ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి, భారీ వానల రోజుల్లో మాత్రం అక్కడా సఫారీలు ఆపేస్తారు. దసరా చాలా ఏళ్లు అక్టోబరు 15కు ముందే వచ్చేస్తుంది, దీపావళి దాదాపు ఎప్పుడూ నవంబరు 15 లోపే. 'కార్బెట్ సఫారీ గ్యారంటీ' అని అమ్మే ప్యాకేజీలో ఆ రోజుల్లో దొరికేది ఝిర్నా, ఢేలా (దీపావళికైతే బిజ్రానీ కూడా), లేదంటే రిజర్వుకు బయట ఉన్న సీతాబనీ, ఫాటో. ఏ గేటు గుండా లోపలికి తీసుకెళ్తారో డబ్బు కట్టే ముందే రాతపూర్వకంగా అడగండి.

జోన్లలో ధికాలాకు సాటి లేదు. నది, జలాశయం, గడ్డి మైదానం, సాల వనం అన్నీ ఒకేచోట ఉన్నది అక్కడే. 1936లో హెయిలీ పేరుతో దేశంలో మొదటి జాతీయ పార్కుగా ఏర్పడింది ఈ అడవే, 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైందీ ఇక్కడి నుంచే. కానీ రోజు సందర్శనకు ధికాలాలోకి జిప్సీని, అంటే టాపు లేని చిన్న జీపును, పంపరు. రామ్‌నగర్ నుంచి బయల్దేరే క్యాంటర్ అనే పెద్ద బండిలో పదహారు మంది దాకా కలిసి కూర్చుని వెళ్లాలి. బండి ఎత్తు వల్ల చూపు బాగానే అందుతుంది కానీ ఆగమన్నచోట ఆగదు, పదహారు మంది నిశ్శబ్దంగా కూర్చోవడమూ కష్టమే. ధనగఢీ గేటు నుంచి ధికాలాకు ముప్పై కిలోమీటర్లకు పైగా దూరం, సమయమంతా ప్రయాణానికే సరిపోతుంది. ధికాలాకు వెళ్తే రాత్రి అక్కడే ఉండండి, లేదా ఆ డబ్బుతో బిజ్రానీలో జిప్సీ సఫారీ రెండుసార్లు చేయండి.

అటవీ విశ్రాంతి గృహంలో రెండు రాత్రులుంటే లెక్క ఇలా వస్తుంది. మొదటి రోజు గేటు నుంచి లోపలికి వెళ్లే దారే ఒక సఫారీ, చేరాక సాయంత్రం మరొకటి. రెండో రోజు ఉదయం, సాయంత్రం. మూడో రోజు ఉదయం తిరిగి, వచ్చిన దారినే బయటికి. నాలుగు పూర్తి సఫారీలు, రెండు ప్రయాణాలు. అదీకాక ధికాలా వరండాలో కూర్చుంటేనే నదికి దిగే ఏనుగులు కనిపిస్తాయి. సౌకర్యాల విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. గదులు శుభ్రంగా, సాదాగా ఉంటాయి. కరెంటు ఎప్పుడూ ఉంటుందనుకోకండి, కెమెరా బ్యాటరీలు అదనంగా తెచ్చుకోండి. క్యాంటీన్‌లో శాకాహారమే, మద్యం నిషేధం. చీకటి పడ్డాక విద్యుత్ కంచె దాటి అడుగు వేయనివ్వరు. ఒంటరిగా వెళ్లేవారికి లాగ్ హట్ డార్మిటరీ చవక, కానీ బాత్‌రూములు ఉమ్మడి.

దారిలో ఉన్న గైరాల్ గెస్ట్‌హౌస్ నది ఒడ్డున ఉంటుంది, జనసందడి తక్కువ. ధికాలా మైదానం నుంచి కాస్త దూరం కాబట్టి ఏనుగుల కోసం వెళ్లేవారికి రోజూ రానుపోను సమయం పోతుంది. పులి కోసమైతే గైరాల్, సర్పదులి దగ్గర నదీతీరం ఏమాత్రం తక్కువ కాదు. సుల్తాన్, కాండా లాంటి చిన్న గెస్ట్‌హౌసుల్లో క్యాంటీన్ ఉండదు. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు రామ్‌నగర్‌లో కొని పట్టుకెళ్తే అక్కడి చౌకీదారు వండిపెడతాడు. ఉప్పు, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు మర్చిపోతే లోపల కొనడానికి దుకాణం లేదు.

బయట ఉండాలనుకునేవారు రిసార్ట్ ఫొటోలు కాదు, గేటు దూరం చూడాలి. ఎక్కువ రిసార్టులు ధికులీలో, రాణీఖేత్ రోడ్డు వెంట కోసీ ఒడ్డున ఉన్నాయి. ధనగఢీ గేటుకు అవి దగ్గరే. బిజ్రానీ సఫారీ అయితే మళ్లీ రామ్‌నగర్ దాకా వెనక్కి రావాలి, ఝిర్నా అయితే రామ్‌నగర్ దాటి ఇంకా పోవాలి. గేటు తెరిచే వేళకు అక్కడుండాలంటే తెల్లవారుజామున నాలుగున్నరకే లేవాలి. ఝిర్నా, ఢేలా సఫారీలకు ఢేలా, సావల్దే వైపు బస చూసుకుంటే గంట నిద్ర మిగులుతుంది. ధికులీలో పెళ్లిళ్ల సీజన్‌లో అర్ధరాత్రి దాకా డీజే మోత ఉండే రిసార్టులున్నాయి. మీ తేదీల్లో ఫంక్షన్ బుకింగ్ ఉందా అని ఫోన్ చేసి సూటిగా అడగండి.

బుకింగ్ అంతా అటవీశాఖ అధికారిక వెబ్‌సైట్‌లోనే. భారతీయులకు రోజు సఫారీలు 45 రోజుల ముందు తెరుచుకుంటాయి. శని, ఆదివారాల సీట్లు దిల్లీ వాళ్ల రద్దీకి నిమిషాల్లో అయిపోతాయి, మంగళ, బుధ, గురువారాలు తీసుకుంటే గదులూ దొరుకుతాయి, అడవిలో బళ్ల వరసా ఉండదు. ముందు గది ఖాయం చేసుకుని, ఆ తర్వాత రైలు టికెట్ తీయండి. చాలామంది దీన్ని తిరగేసి చేసి ఇరుక్కుంటారు. పర్మిట్‌లో రాసిన పేరు, గుర్తింపు కార్డులో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు పూర్తిగా రాయాలా, పొడి అక్షరమా అన్న తికమక మన పేర్లకే ఎక్కువ, కార్డులో ఎలా ఉంటే అలాగే నింపండి. ఒకరి బదులు మరొకరిని లోపలికి రానివ్వరు. ఏ కార్డు నంబరు ఇచ్చారో అదే కార్డు అసలుది వెంట ఉండాలి.

పర్మిట్ రుసుము, జిప్సీ అద్దె, గైడ్ రుసుము మూడూ వేరువేరు. రిసార్ట్ ఒకే మొత్తం చెబితే విడదీసి అడగండి. జిప్సీలో ఆరుగురికి చోటు ఉంటుంది, కెమెరాలతో వెళ్లేవారికి నలుగురే హాయి. కోర్ ప్రాంత (పులుల ముఖ్య ఆవాసం) పర్యాటక జోన్లలో మొబైల్ ఫోన్లు వాడకూడదని సుప్రీంకోర్టు 2025 నవంబరులో ఆదేశించింది, కాబట్టి ఫొటోలకు కెమెరా ఉండాల్సిందే. పర్మిట్ కాగితం మీద ప్రింట్ తీసుకోండి.

పులిని కంటితో వెతికేవారికంటే చెవితో వెతికేవారికి ఎక్కువ ఫలితం ఉంటుంది. దుప్పి అరుపు ఒక్కోసారి నక్కను చూసి కూడా వస్తుంది, ఒక్క అరుపుకే బండి పరుగెత్తించడం దండగ. కణితి (సాంబార్) అలా కాదు. తోక నిక్కబొడిచి, ముందుకాలితో నేలను తన్నుతూ, ఆగి ఆగి 'ఢాంక్' అని గట్టిగా అరుస్తూనే ఉందంటే పులో చిరుతో దాని కళ్లెదుట ఉన్నట్టే. చెట్టు మీది కొండముచ్చు కూడా గొంతు కలిపితే ఇంజన్ ఆపించండి. అరుపులు ఒకవైపుకు జరుగుతుంటే పులి నడుస్తోంది, అది దారి దాటే చోటును గైడ్ లెక్కగడతాడు. అరుపులు హఠాత్తుగా ఆగితే అది పొదలో కూర్చుంది. చాలా బళ్లు వెళ్లిపోయేది అప్పుడే. కనీసం అరగంట అక్కడే ఉండండి. గైడ్‌కు ఆ మాట సఫారీ మొదట్లోనే చెప్పాలి, లేకపోతే యాత్రికులకు విసుగొస్తుందని ఆయనే బండి కదిలించేస్తాడు.

దిల్లీ నుంచి రామ్‌నగర్‌కు రోడ్డు మీద సుమారు 250 కిలోమీటర్లు, ఆరు గంటలు పట్టొచ్చు. రైలు ఆలస్యమైతే గేటు వద్ద పూట పోయినట్టే, డబ్బు వెనక్కి రాదు. అందుకని దిగిన రోజే సఫారీ పెట్టుకోవద్దు. ఆ రాత్రి రామ్‌నగర్‌లో పడుకుని మర్నాడు ఉదయం బిజ్రానీ, ఆ పై రోజు ధికాలాకు ప్రవేశం. మే నెలలో అయితే తలా మూడు లీటర్ల నీళ్లు, ముక్కుకు కట్టుకునే తడి గుడ్డ, లెన్స్ మీద కప్పడానికి పాత తువ్వాలు బండిలో ఉండాలి. దూరంగా ఉన్న ఏనుగుల ఫొటోలు ఉదయం ఎనిమిది లోపే తీసుకోండి, ఆ తర్వాత నేల వేడికి గాలి అలలుగా కదిలి ఎంత మంచి లెన్స్ అయినా బొమ్మ మసకబారుతుంది.