ఇటలీలో కాఫీ: అల్ బాంకోనా, అల్ తావోలోనా?

ఇటలీలో కాఫీ కొట్టునే 'బార్' అంటారు. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే అల్ బాంకో, కూర్చుని తాగితే అల్ తావోలో.

ఖర్చు: నిలబడితే ఎస్ప్రెస్సో చాలాచోట్ల ఒకటిన్నర యూరో లోపే. కూర్చుంటే రెట్టింపు కావచ్చు. వెనిస్ సాన్ మార్కో కూడలిలోనైతే కొన్నిచోట్ల సంగీతానికీ విడిగా వసూలు చేస్తారు!

శ్రమ: నిలబడితే "ఉన్ కఫే, పెర్ ఫవోరె" చాలు. స్టేషన్లలో మాత్రం తరచుగా ముందు 'కాస్సా' (క్యాష్ కౌంటర్)లో డబ్బు కట్టి రసీదు చూపించాలి. కూర్చుంటే వెయిటరే వస్తాడు, కానీ "ఇల్ కొంతో, పెర్ ఫవోరె" అని అడిగితే గానీ సాధారణంగా బిల్లు తేడు.

రిస్క్: కౌంటర్ ధరకు కొన్న కప్పుతో టేబుల్ దగ్గర కూర్చుంటే మాట పడాలి. ఎక్కడైనా సరే, ఉత్త "లాత్తె" అంటే గ్లాసుడు పాలే వస్తాయి.

రైలు టైమైతే అల్ బాంకో. అమ్మానాన్నలు వెంట ఉండి, కాళ్లు లాగుతుంటే, ధరల పట్టిక చూసుకుని అల్ తావోలో.