లైనక్స్ మింట్ మీద తెలుగు పుస్తకాల పని: మూడేళ్ల వాడకం తర్వాత

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాక యూట్యూబ్ నిండా ఒకటే పాట: విండోస్ తీసేసి లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి, పాత లాప్‌టాప్ కొత్తదైపోతుంది, వైరస్‌లు రావు, పైసా ఖర్చు లేదు. విండోస్ 11 చూస్తే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలంటుంది, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి పైన ఉండాలంటుంది. దాంతో నిక్షేపంగా నడుస్తున్న ఆరో తరం, ఏడో తరం మెషీన్లున్న వాళ్లంతా ఇటు చూస్తున్నారు. నాదీ ఏడో తరం ఐ5యే. కాకపోతే నేను ఆ గడువు దాకా ఆగలేదు. 2022 చివర్లో లైనక్స్ రకాల్లో ఒకటైన మింట్ 21 వేసుకున్నాను, తర్వాత 22కి మారాను. (ప్రతి పెద్ద వెర్షన్‌కూ ఓ ఆడపేరు పెట్టడం మింట్ వాళ్ల సరదా. 21 పేరు వెనెస్సా, 22 పేరు విల్మా.) ఇప్పటికీ పొద్దున్నే తెరిచేది దాన్నే.

నా పని చిన్న ప్రచురణకర్తలకు పుస్తకాలు కంపోజ్ చేసి, పేజీలు కట్టి, ప్రూఫులు దిద్ది ప్రెస్‌కు పంపడం. కాబట్టి ఇక్కడ గేమింగ్, ప్రోగ్రామింగ్ గురించి పెద్దగా ఉండదు. ముందే తేల్చి చెప్పేస్తాను: మింట్ మంచి సిస్టమ్, నేను వెనక్కి వెళ్లను. కానీ ఆ వీడియోల్లో చెప్పేంత సీను లేదు. పైగా అసలు చిక్కు ఎక్కడుంటుందో వాటిలో ఎవరూ చెప్పరు. తెలుగు పుస్తకాల పనిలో మనల్ని కట్టిపడేసేది విండోస్ కన్నా ఎక్కువగా అను అనే పాత తెలుగు ఫాంట్లు, పేజీలు కట్టే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్. ఆ ముడి విప్పుకోకుండా సిస్టమ్ ఒక్కటీ మార్చేస్తే సగంలో చిక్కుకుపోతాం.

ఇన్‌స్టాల్ చేయడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మింట్ మొత్తం ఉండే ఐఎస్ఓ ఫైల్ మూడు జీబీకి కాస్త అటూ ఇటూ. పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్నుంచే బూట్ చేస్తే మీ డిస్క్‌ను ముట్టుకోకుండానే మింట్ తెర మీదికి వస్తుంది. వైఫై, సౌండ్, కెమెరా, బ్లూటూత్ అన్నీ అక్కడే చూసుకోవచ్చు. ఈ ఒక్క సదుపాయం కోసమైనా లైనక్స్‌ను మెచ్చుకోవాలి. మొదట కొన్నాళ్లు విండోస్‌నూ పక్కనే ఉంచుకున్నాను. అప్పుడొక తమాషా: మింట్‌లోంచి విండోస్‌లోకి వెళ్లినప్పుడల్లా గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోయేది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, లైనక్స్ దాన్ని యూటీసీగా, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంగా లెక్కేస్తుంది. మన దేశానికి ఆ తేడా ఐదున్నర గంటలు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ఒక్క లైను కొడితే సర్దుకుంది. టెర్మినల్ ముట్టుకోనక్కర్లేదని చెప్పేవాళ్లను మాత్రం నమ్మకండి. రోజూ అక్కర్లేదు, కానీ ఎప్పుడో ఒకసారి తప్పదు.

ఇక వేగం. ఈ విషయంలో జనం లైనక్స్‌కు ఇచ్చే మార్కుల్లో సగం ఎస్ఎస్‌డీవి. చాలామంది పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేయించుకుని, అదే రోజు లైనక్స్ కూడా వేసుకుని, 'చూశారా ఎంత ఫాస్టో' అంటారు. నేను ముందు ఎస్ఎస్‌డీ వేయించి, కొన్ని వారాలు దాని మీద విండోస్ 10నే నడిపి, ఆ తర్వాత మింట్ వేశాను. ఆన్ చేసి టీ పెట్టుకొచ్చేలోపు కూడా తెరుచుకోకపోవడమనే బాధ ఎస్ఎస్‌డీతోనే పోయింది. మింట్ ఇచ్చిన లాభం వేరు. ఏ ప్రోగ్రామూ తెరవనప్పుడు విండోస్ తినే ర్యామ్‌లో నా మెషీన్ మీద సుమారు సగంతో సరిపెట్టుకుంటుంది. వెనకాల ఏదో స్కాన్ మొదలై ఫ్యాన్ ఉన్నట్టుండి గోల పెట్టడం లేదు. అయితే క్రోమ్‌లో పాతిక ట్యాబులు తెరిస్తే రెండు చోట్లా ఒకటే కథ. బ్రౌజర్ ర్యామ్ తినేముందు సిస్టమ్ పేరు అడగదు. 4 జీబీతో నెట్టుకొస్తున్న వాళ్లు ముందు ఇంకో 4 జీబీ వేయించుకుని, ఆ తర్వాత సిస్టమ్ మార్చాలో వద్దో ఆలోచించండి.

తెలుగు దగ్గరికి వద్దాం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అలవాటున్న వాళ్లకు అసలు పనే లేదు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే చాలు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లు ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ పెట్టుకుని, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ దించుకుంటే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన, యాపిల్ టైపింగ్ పద్ధతులన్నీ వచ్చేస్తాయి. ఫోన్‌లో అలవాటైనట్టు సగం పదం కొట్టగానే మిగతాది ఊహించి చూపించడం మాత్రం ఇందులో ఆశించకండి. ణ కావాలంటే పెద్ద ఎన్, ళ కావాలంటే పెద్ద ఎల్ అని నియమం ప్రకారం కొట్టాల్సిందే. స్పెల్‌చెక్ ఉంది, ఉన్నా లేనట్టే. సంధి కలిసిన ప్రతి మాట కిందా ఎర్రగీత పెడుతుంటే నాలుగు రోజులకే ఆపేశాను.

ఫాంట్ల విషయంలో మాత్రం నేను అనుకున్నదానికంటే చాలా మెరుగ్గా ఉంది. దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు ప్యాకేజీల్లోనే ఉన్నాయి. 'తెలుగు విజయం' ప్యాకేజీ దించుకుంటే మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, ధూర్జటి, గిడుగు, గురజాడ అన్నీ ఒక్క దెబ్బకు వచ్చేస్తాయి. అన్నీ ఉచిత లైసెన్సువే, అచ్చు పుస్తకంలో వాడినా ఎవరూ అడిగేదేమీ లేదు. లోపలి పేజీలకు సూరన్న, శీర్షికలకు రామభద్ర నాకు బాగా కుదిరాయి.

లేనివి గౌతమి, నిర్మల. అవి విండోస్‌తో వచ్చే మైక్రోసాఫ్ట్ ఫాంట్లు. రచయితలు పంపే వర్డ్ ఫైళ్లలో మూడొంతులు వాటిలోనే ఉంటాయి. వర్డ్ బదులు లైనక్స్‌లో వాడే లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే ఆ స్థానంలో మరో ఫాంటు వచ్చి కూర్చుంటుంది, లైన్ల మధ్య ఎడం మారుతుంది, నూట ఇరవై పేజీల కథల సంపుటి నూట ముప్పై దాటుతుంది. ఎలాగూ నేను ఫాంటు మారుస్తాను కనుక పేజీల పరంగా ఇబ్బంది లేదు. రచయిత ఫోన్ చేసినప్పుడే తంటా. 'డెబ్బై రెండో పేజీ, కింది నుంచి మూడో లైను, అక్కడ కామా తీసేయండి సార్' అంటారు. నా తెర మీద అది డెబ్బై ఎనిమిదో పేజీలో ఎక్కడో ఉంటుంది. అందుకే ఇప్పుడు వర్డ్ ఫైల్‌తోపాటు పీడీఎఫ్ కూడా పంపమని అడుగుతున్నాను. పీడీఎఫ్ చేయడం రాని పెద్దవాళ్లకు వాళ్ల మనవలు చేసి పెడుతున్నారు.

పేజీలు కట్టడానికి స్క్రైబస్ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడుతున్నాను. 1.4 వెర్షన్ ఉన్న రోజుల్లో అది తెలుగుకు పనికొచ్చేది కాదు, ఒత్తులు విడిపోయి పక్కన పడేవి. మొదట్లో 1.5 పరీక్ష వెర్షన్‌తో నెట్టుకొచ్చాను. 2024 జనవరిలో 1.6 వచ్చాక నమ్మకం కుదిరింది. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న లాంటివన్నీ ఒక పేజీ నిండా పెట్టి ప్రింటు తీసి భూతద్దంతో చూశాను, ఒక్క ఒత్తు కూడా జారలేదు. కానీ మూడు వందల పేజీల నవలంతా ఒకే గొలుసుగా కడితే ఒక పదం దిద్దినా మెషీన్ ఆలోచనలో పడుతుంది. అధ్యాయానికో ఫైల్ చేసుకుని, చివర్లో పీడీఎఫ్‌లు కలుపుకుంటున్నాను. ఇన్‌డిజైన్ అలవాటైన చేతికి ఇది చాదస్తంగానే ఉంటుంది. అడోబీ లైనక్స్‌కు ఇన్‌డిజైన్ ఇవ్వదు కనుక ఆ చర్చ అక్కడితో సరి.

ఇప్పుడు ఆ ముడి. అను అనేది యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ప్రతి అక్షరానికీ ఒకే సంకేతం ఉండే పద్ధతి) మన పనుల్లోకి రాకముందే స్థిరపడ్డ ఏర్పాటు. ఇంగ్లిష్ గుర్తులుండే గళ్లలో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టారు: తలకట్టు ఒక చోట, కొమ్ము ఒక చోట, ఒత్తు ఇంకో చోట. ఆ ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే పిచ్చి గీతలు. ఆ ఫైళ్లుండేది పేజ్‌మేకర్‌లో. దాని చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దాన్ని వదిలేసింది, మన ప్రెస్‌లు వదల్లేదు. వదలకపోవడానికి కారణం బద్ధకం అనుకుంటే పొరపాటు. పునర్ముద్రణకు వచ్చే ప్రతి పుస్తకం ఆ ఫైళ్లలోనే ఉంది, ప్రూఫ్ దిద్దిన శ్రమంతా వాటిలోనే ఉంది.

ఇవన్నీ విండోస్ కోసం తయారైనవి. లైనక్స్ మీద విండోస్ ప్రోగ్రాములు నడిపించే వైన్ పెట్టి వాటితో కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు. కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపించే వర్చువల్‌బాక్స్‌లో ఒక విండోస్ 10 పెట్టుకున్నాను, దానికి ఇంటర్నెట్ ఇవ్వలేదు. పాత పుస్తకం వచ్చినప్పుడు అది తెరిచి, టెక్స్టు బయటికి తీసి, యూనికోడ్‌లోకి మార్చుకుంటాను. మార్చడం అంటే బటన్ నొక్కడం కాదు. కన్వర్టర్ చాలావరకు సరిగ్గానే తెస్తుంది, మిగిలినదే ప్రాణం తీస్తుంది. అనులో పొల్లు న, దాని పక్కన లో విడివిడి బొమ్మలు. యూనికోడ్‌లోకి రాగానే రెండూ అతుక్కుని 'ఫోన్‌లో' కాస్తా 'ఫోన్లో' అయిపోతుంది. 'ఇన్‌కమ్' లాంటివన్నీ ఇంతే. పాత్రల సంభాషణలున్న కథల్లో కొటేషన్ గుర్తులు తారుమారవుతాయి. కాబట్టి పుస్తకమంతా మళ్లీ ఒక ప్రూఫ్ చదవాలి. ఆ చదువుడుకు ప్రచురణకర్త వేరే డబ్బులివ్వడు, అడిగి చూశాను.

సిస్టమ్ మార్పిడికి నేను కట్టిన అసలు ఖర్చు ఇదే. ఫలితమూ ఇందులోనే వచ్చింది. ఒకసారి యూనికోడ్‌లోకి వచ్చిన పుస్తకంలో పేరు వెతికితే దొరుకుతుంది, ఈబుక్ అవుతుంది, ఫోన్‌లో తెరుచుకుంటుంది. గొప్ప లైనక్స్‌ది కాదు, విండోస్ మీద ఉండి కూడా చేయొచ్చు. లైనక్స్ చేసిందల్లా నన్ను ఆ పనిలోకి తోయడం.

'ఫ్రీ' అన్న మాట మన దగ్గర అంతగా పనిచేయదు. చిన్న కంప్యూటర్ షాపులో మూడొందలో అయిదొందలో ఇస్తే క్రాక్ విండోస్ వేసి, అడగకుండానే ఫొటోషాప్ కూడా వేసిచ్చే ఊళ్లో విండోస్ ఎప్పుడూ దాదాపు ఫ్రీయే. నాకు కలిగిన ఊరట వేరే: ఆ క్రాక్‌లతోపాటు ఏమొచ్చి కూర్చుందోనన్న టెన్షన్ పోయింది. దానికి నిదర్శనం పెన్ డ్రైవ్‌లు. జిరాక్స్ షాపుల్లో తిరిగొచ్చిన పెన్ డ్రైవ్ విండోస్‌లో పెడితే ఫైళ్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి కనిపించేవి, ఒకటి నొక్కితే ఆ వైరస్ మన మెషీన్‌లోకి ఎక్కేది. మింట్‌లో అదే పెన్ డ్రైవ్ తెరిచి దాచిన ఫైళ్లను చూపించమంటే, అసలు ఫైళ్లు ఒక పక్క, ఆ వైరస్ చెత్త ఒక పక్క కనిపిస్తాయి. చెత్తను ఎంచుకుని డిలీట్ కొట్టడమే. అలాగని లైనక్స్‌కు ఏమీ కాదని కాదు. దొంగ బ్యాంకు లింకు నొక్కితే ఏ సిస్టమైనా కాపాడలేదు.

ప్రింటర్ దగ్గర చేతులు కాలాయి. నా దగ్గరున్న పాత లేజర్ ప్రింటర్ (కంపెనీ పేరెందుకు లెండి) డ్రైవర్‌ను ఎక్కడెక్కడో వెతికి తెచ్చి పెడితే పదిసార్లకు ఆరుసార్లు పనిచేసేది. రేపు పొద్దున ప్రూఫ్ ఇవ్వాల్సిన రాత్రి అది మొండికేసింది. చివరికి వైఫై ప్రింటర్ కొన్నాను. దానికి డ్రైవరే అడగలేదు, జాబితాలో కనిపించింది, ప్రింటిచ్చింది. 'పైసా ఖర్చు లేదు' అన్న మాట నా విషయంలో ఒక ప్రింటర్ ధరంత అబద్ధం.

అప్‌డేట్లు నిజంగా హాయి. మూల చిన్న డాలు గుర్తు వస్తుంది, నాకు తీరినప్పుడు నొక్కుతాను. పని మధ్యలో రీస్టార్ట్ అంటూ మీద పడదు. ఒకసారి అప్‌డేట్ తర్వాత వైఫై పోయింది. సిస్టమ్ కాపీలు దాచిపెట్టే టైమ్‌షిఫ్ట్‌లో ముందురోజు కాపీకి వెనక్కి వెళ్తే వచ్చేసింది. మింట్ వేసుకున్న రోజే టైమ్‌షిఫ్ట్ పెట్టుకోండి. అయితే అది సిస్టమ్‌ను కాపాడుతుంది తప్ప మీ పుస్తకాలను కాదు, వాటి బ్యాకప్ వేరే తీసుకోవాలి. బ్యాటరీ విండోస్‌లో కన్నా కాస్త ముందే అయిపోతోంది. మూత మూసి సంచిలో పెట్టుకుంటే ఒక్కోసారి నిద్రపోదు, తీసేసరికి వేడిగా ఉంటుంది. అందుకే బయటికెళ్లేటప్పుడు పూర్తిగా ఆపేస్తున్నాను.

టాలీ మీద బతికే అకౌంటెంట్లు, మాక్రోలున్న ఎక్సెల్ ఫారాలు నింపే వాళ్లు, వాలరెంట్ ఆడే పిల్లలున్న ఇళ్లు ఇటు రాకపోవడమే మంచిది. బ్రౌజర్, మెయిల్, నాలుగు ఉత్తరాలతో సరిపోయే వాళ్లు ఇవాళే మారొచ్చు. మా ఆవిడ తన పాత డెస్క్‌టాప్‌లో వాడుతోంది, అది లైనక్స్ అన్న ధ్యాసే ఆమెకు లేదు.

డీటీపీ వాళ్లకు మాత్రం తొందర వద్దంటాను. విండోస్ 10 ఇంటి వాడకందార్లకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబరు 13 దాకా అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తోంది. నమోదు చేసుకోండి. ఈలోపు పునర్ముద్రణకు రాగల పుస్తకాల పట్టీ ఒకటి రాసుకుని, ఎక్కువ అమ్ముడుపోయేవి ముందు పెట్టుకుని, విండోస్ మీదే వాటిని యూనికోడ్‌లోకి తెచ్చుకోవడం మొదలుపెట్టండి. స్క్రైబస్ విండోస్ మీద కూడా నడుస్తుంది, ఒక చిన్న పుస్తకం దాంట్లో కట్టి చూడండి. అది మీ చేతికి పడితే పెన్ డ్రైవ్‌లో మింట్ ఎక్కించుకోవచ్చు, పడకపోతే విండోస్ 11 మెషీన్‌కు డబ్బు దాచుకోవచ్చు.