సిడ్మత్ ఫోక్ ఫెస్టివల్‌లో కాన్సర్టీనా: ఎక్కడ దిగాలి, ఎక్కడ కూర్చోవాలి

ఇంగ్లండ్ నైరుతి మూలన, డెవన్ తీరంలో సిడ్మత్ అనే చిన్న ఊరుంది. ఆగస్టు మొదటి వారం అటూ ఇటూగా, శుక్రవారం నుంచి శుక్రవారం దాకా అక్కడి పబ్బుల్లో, తోటల్లో, సముద్రం ఒడ్డున ఆటాపాటా సాగుతుంది. 1955లో ఇది జానపద నృత్యాల పండుగగా మొదలైంది. పాటలు, పెద్ద కచేరీలు తర్వాత వచ్చి చేరాయి. కాన్సర్టీనా, అంటే రెండు చేతుల మధ్య తిత్తి పట్టుకుని వాయించే చిన్న బటన్ల వాయిద్యం. ఆ వాయిద్యం వాళ్ళు ఇక్కడికి ఎందుకు చేరతారో అందులోనే ఉంది. ఇంగ్లండ్ పల్లెల్లో ఈ వాయిద్యం నిలబడింది చాలావరకు డాన్సు వల్లే. 1899 క్రిస్మస్ మర్నాడు ఆక్స్‌ఫర్డ్ పక్కన హెడింగ్టన్‌లో మోరిస్ అనే జానపద నృత్య బృందానికి విలియం కింబర్ వాయిస్తుండగా జానపద పాటల, నృత్యాల సేకర్త సెసిల్ షార్ప్ విన్నాడు. ఇంగ్లిష్ జానపద నృత్యాల సేకరణ ఊపందుకోవడానికి మూలం ఆ పూటే.

హార్మోనియం తెలిసినవాళ్ళకు కాన్సర్టీనా లోపలి సంగతి కొత్తేమీ కాదు. తిత్తి గాలికి రీడ్లు పలుకుతాయి. తేడా అంతా బటన్లలో ఉంది. ఆంగ్లో రకంలో ఒకే బటన్ నొక్కి ఉంచినా, తిత్తి మూసేటప్పుడు ఒక స్వరం, తెరిచేటప్పుడు ఇంకో స్వరం వస్తాయి. ఇంగ్లిష్ రకంలో తిత్తి మూసినా తెరిచినా ఒకే స్వరం. సప్తకంలోని స్వరాలు ఒకటి ఎడమ చేతికి, తర్వాతిది కుడి చేతికి పడతాయి. డ్యూయెట్ రకంలో కింది స్వరాలు ఎడమకు, పై స్వరాలు కుడికి. సిడ్మత్ సెషన్లలో, అంటే పబ్బుల్లో అందరూ కలిసి వాయించుకునే కూటముల్లో, మూడూ కనిపిస్తాయి.

ముందు ప్రయాణం. ఊరికి రైలు లేదు, ఆ లైను 1967లోనే మూసేశారు. లండన్ వాటర్లూ నుంచి హోనిటన్‌కు నేరుగా రైలుంది, సుమారు మూడు గంటలు. అక్కడి నుంచి సిడ్మత్ పదిహేను కిలోమీటర్లే అయినా బస్సులు తక్కువ, సాయంత్రం దాటితే టాక్సీయే గతి. పాడింగ్టన్ నుంచి ఎక్సెటర్ వెళ్ళి, అక్కడ బస్సెక్కి గంటలో ఊళ్ళో దిగడం కాస్త చుట్టు. అయినా బస్సులు ఎక్కువ కాబట్టి సామానుతో వచ్చేవాళ్ళకు అదే నయం. కారు తేవద్దు. ఆ వారం ఊరి మధ్యలో పార్కింగ్ దొరకదు, అవసరమూ పడదు.

బస విషయంలో రెండే దార్లు: ఊళ్ళో గది, లేదా ఊరి బయట మెరకన ఉత్సవం వాళ్ళు నడిపే క్యాంపింగ్ మైదానం. సముద్రానికి దగ్గరి గదులను పాత అతిథులు ఏడాది ముందే పట్టేసుకుంటారు. మిగిలినవి ఖరీదు. టెంటు చవక, రాత్రి డాన్సులకు అనుకూలం. పొద్దుపోయేదాకా కేలీ (అందరూ కలిసి ఆడే డాన్సు) ఆడే బుల్వర్టన్ గుడారం కూడా గుట్ట మీదే. షటిల్ బస్సు తిరుగుతుంది గానీ ఆఖరి బస్సు తప్పితే చీకట్లో ఎత్తు ఎక్కాలి. వాయించడానికి వచ్చినవాళ్ళు ఎంత కష్టమైనా ఊళ్ళో గదే చూసుకోవాలని మా లెక్క. దానికి కారణం సుఖం కాదు, తేమ. ఆ సంగతి కింద చెబుతాం. గది దొరక్కపోతే ఎక్సెటర్‌లో దిగి రోజూ వచ్చిపోవచ్చు, కాకపోతే రాత్రి సెషన్లు వదులుకోవాలి.

పబ్బుల్లో సెషన్లకు టికెట్ అక్కర్లేదు. కచేరీలు, వర్క్‌షాపులు, కేలీలు కావాలంటేనే వారం టికెట్టో రోజు టికెట్టో కొనాలి. కేవలం కలిసి వాయించుకోవడానికి వచ్చినవాళ్ళకు ఒకటి రెండు రోజుల టికెట్ సరిపోతుంది. ఆ డబ్బును వర్క్‌షాపులున్న రోజుకు పెట్టడం తెలివైన పని.

ఎక్కడ కూర్చోవాలన్నది అసలు విషయం. సముద్రం ఎదురుగా బెడ్‌ఫర్డ్ హోటల్ బార్, లోపలి వీధిలో స్వాన్, కాస్త ఎగువన రాడ్వే, వాలంటీర్ పబ్బులు: ఇవన్నీ వాయిద్యాలవాళ్ళు చేరే చోట్లే. ఆంకర్ పబ్బు మధ్య బార్ మాత్రం పాడేవాళ్ళది. అక్కడ పెట్టె తెరవకూడదు, పాట నడుస్తుంటే తలుపు తోసుకుని లోపలికి పోకూడదు. ఆంకర్ వెనక తోట మోరిస్ చూడటానికి మంచిది.

రాత్రి తొమ్మిది దాటాక కాన్సర్టీనాకు ఏ పబ్బూ పనికిరాదు. కారణం మెలోడియన్లు, అంటే బటన్ల అకార్డియన్లు. ఇంగ్లిష్ సెషన్లో డి/జి మెలోడియనే రాజు. గదిలో నాలుగు చేరితే పక్కవాడి కాన్సర్టీనా సంగతి అటుంచి, మన చేతిలోది మనకే వినిపించదు. బిగ్గరగా పలికించాలని తిత్తి లాగి పీడిస్తే రీడు గొంతు బిగుసుకుని శ్రుతి కిందికి జారుతుంది, అంతే లాభం. ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం నాలుగు దాకా గదులు పలచగా ఉంటాయి, ఫిడేలు వాళ్ళు ఎక్కువ. ఆ వేళలో గోడకు వీపు పెట్టి, ఫిడేలు పక్కన కూర్చోండి. కాన్సర్టీనా ధ్వని రెండు చివరల నుంచి పక్కలకు పోతుంది. కాబట్టి ఇద్దరు మెలోడియన్ల మధ్య సీటు ఖాళీగా ఉన్నా తీసుకోవద్దు. అది ఖాళీగా ఉండటానికి కారణముంది.

వాయించే వరసలు (బాణీలు) ఎక్కువగా జి, డి శ్రుతుల్లో నడుస్తాయి. ఇరవై బటన్ల సి/జి ఆంగ్లో తెచ్చినవాళ్ళు ఇక్కడే చిక్కుకుంటారు. అందులో సి షార్ప్ లేదు, డి మేజర్ పూర్తిగా రాదు. ముప్పై బటన్లదైతే మూడో బటన్ల బారులో ఆ స్వరం ఉంటుంది. జి/డి ఆంగ్లో ఉంటే ఈ గొడవే లేదు. నలభై ఎనిమిది బటన్ల ఇంగ్లిష్ రకానికి శ్రుతుల బెడద అసలే లేదు. పాత వాయిద్యం తెచ్చేవాళ్ళు బయలుదేరే ముందే ట్యూనర్‌తో ‘ఎ’ స్వరం 440 హెర్ట్జ్ ఉందో లేదో చూడాలి. విక్టోరియా కాలపువి కొన్ని ఇప్పటికీ 452 దగ్గర ఉంటాయి. అంటే అర్ధస్వరంలో దాదాపు సగం ఎక్కువ. ఒంటరిగా బ్రహ్మాండంగా ఉంటుంది, పది మందిలో అందరి మొహాలూ ముడుచుకుంటాయి.

ఒక్కో వరస ముప్పై రెండు బార్లు, అంటే తాళపు కొలతలు. మామూలుగా మూడుసార్లు వాయించి, ఆగకుండా ఇంకోదానిలోకి పోతారు. మారే ముందు మొదలుపెట్టినవాళ్ళ కళ్ళూ కాలూ చూడాలి. రాని వరసైతే మొదటి ఆవృత్తి విని, రెండోదానిలో స్వరాలు అందుకోవాలి. ఆంగ్లోవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఎడమ చేత్తో నిండా కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుత్తులు) కొట్టడం. మెలోడియన్ల మంద్ర స్వరాలు అప్పటికే ఆ పని చేస్తుంటాయి, రెండూ కలిస్తే బురదే. ఎడమ చెయ్యి తేలిక చేసి స్వరం మీద ఉండండి. తెరిచే స్వరాలు వరసగా పడి తిత్తి నిండిపోతుంటే, కుడి బొటనవేలి దగ్గరి గాలి మీటను మూసే పొట్టి స్వరాల మీదే నొక్కాలి. పొడుగు స్వరం మీద నొక్కితే గాలి శబ్దం అందరికీ వినిపిస్తుంది.

ఇక తేమ. సముద్రపు గాలి, ఆగస్టు వానలు, రాత్రి చల్లబడే టెంటు: వాయిద్యానికి మూడూ శత్రువులే. చెక్క ఉబ్బితే రీడు చట్రం బిగుసుకుని, రీడు అంచుకు రాసుకుని మూగబోతుంది. బటన్ చుట్టూ ఉన్న ఉన్ని ఉబ్బితే బటన్ దిగి పైకి రాదు. ఉక్కు రీడ్లకు తుప్పు సరేసరి. టెంటులో పడుకునేవాళ్ళు రాత్రి పెట్టెను గాలి చొరని సంచిలో ఉంచి, మధ్యాహ్నం ఆరిన గదిలో తెరవాలి. హీటరు పక్కన పెట్టకూడదు. చెక్క ఒక్కసారిగా ఎండితే చట్రాలు వదులై రీడ్లు గరగరమంటాయి. పెట్టెలో బటన్లు పక్కలకు ఉండేలా పడుకోబెడితే లోపలి తోలు వాల్వులు వాలిపోవు.

స్వరం ఉన్నట్టుండి ఆగిపోతే పది సార్లలో తొమ్మిది సార్లు దుమ్ము పోగే. సన్న స్క్రూడ్రైవర్ తప్పక తేవాలి. ఒక చివర చుట్టూ ఉన్న ఆరు బోల్టులూ విప్పి, ఏ బోల్టు ఏ రంధ్రానిదో అదే క్రమంలో కాగితం మీద పెట్టుకోవాలి. పాతవాటిలో మరలు చేత్తో చేసినవి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. రీడు కింద పలచని కాగితం ముక్క జార్చి మెల్లగా లాగితే పోగు వచ్చేస్తుంది. బోల్టులు తిరిగి బిగించేటప్పుడు వేలి బలం చాలు. గట్టిగా తిప్పితే చెక్కలో పట్టు పోతుంది, దాన్ని పబ్బులో ఎవరూ బాగుచేయలేరు.

తిండి సంగతి తొందరగా: పబ్బుల్లో శాకాహారం ఇప్పుడు మామూలే, వంటగది మాత్రం రాత్రి తొమ్మిదికల్లా మూసేస్తారు. ఇదే నెలలో ఉత్తరాన విట్బీ ఫోక్ వీక్ కూడా జరుగుతుంది. అక్కడ ఊరి మధ్యకే రైలు వస్తుంది, పబ్బులు దగ్గర దగ్గరగా ఉంటాయి. కానీ మెట్లూ ఎత్తుపల్లాలూ ఎక్కువ. శాకాహారులు ఇంకోటి గుర్తుంచుకోవాలి: యార్క్‌షైర్ తీరంలో చిప్స్‌ను చాలాచోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు, అడగకుండా తినొద్దు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు సిడ్మత్, సామాను బరువున్నవాళ్ళకు విట్బీ.

తిరుగు ప్రయాణంలో లండన్‌లో ఒక పూట ఉంటే ఫారెస్ట్ హిల్ దగ్గరి హోర్నిమన్ మ్యూజియం చూడండి. ఆరు వందలకు పైగా కాన్సర్టీనాలు వాళ్ళ సేకరణలో ఉన్నాయి, వీట్‌స్టన్ అనే కాన్సర్టీనా తయారీ కంపెనీ పాత లెడ్జర్లతో సహా. అన్నీ అద్దాల వెనక ప్రదర్శనలో ఉండవు, అందుకని ముందే కనుక్కుని వెళ్ళాలి. ఇంగ్లండ్ నుంచి పాతది కొనుక్కుని ఇండియా వచ్చే ఉద్దేశముంటే ఏనుగు దంతం బటన్లు, తాబేటి చిప్ప అంచులు ఉన్నవాటి జోలికి పోవద్దు, కస్టమ్స్‌లో ఆగిపోతాయి. మిగతావాటిని చేతి సంచిలోనే ఉంచండి. ఎక్స్‌రేలో లోపలి రీడ్ల వరసలు వింతగా కనిపించి సంచి తెరవమంటే, విప్పి చూపించేకన్నా ఒక వరస వాయించడం త్వరగా తేలే పని.