పదిరాక్ గుహ: మండువేసవిలోనూ జాకెట్ కావాల్సిందే

నైరుతి ఫ్రాన్స్‌లోని లోత్ జిల్లా పల్లెల్లో, సున్నపురాయి కరిగి పైకప్పు కూలడంతో ఏర్పడిన 75 మీటర్ల లోతు బిలం ఇది. 1889లో ఫ్రెంచ్ గుహాన్వేషకుడు మార్తెల్ బృందం తొలిసారి దిగి పరిశీలించింది.

లిఫ్టులున్నా దిగేటప్పుడు మెట్లే మేలు. గోడలకు నాచు, ఫెర్న్ మొక్కలు. తలెత్తితే గుండ్రటి ఆకాశం ముక్క. నేలకు 103 మీటర్ల కింద నది, దానిమీద అర కిలోమీటరు పడవ ప్రయాణం. అసలు అందం నీళ్లను తాకబోయి ఆగినట్టు పైకప్పు నుంచి వేలాడే 60 మీటర్ల సున్నపు ఊడ (స్టాలక్టైట్) దగ్గరుంది. అక్కడ పైనుంచి చుక్కలు పడతాయి, టోపీ ఉంటే మంచిది.

పడవ దిగాక మెట్లు చాలానే ఎక్కాలి, మోకాళ్ల నొప్పులుంటే ఆలోచించుకోండి. లోపల ఏడాదంతా 13 డిగ్రీలే. తడి నేల కాబట్టి చెప్పులొద్దు, పట్టున్న బూట్లే వేసుకోండి. జూలై, ఆగస్టుల్లో టైమ్ స్లాట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోకపోతే పడిగాపులే. చలికాలం మూసేస్తారు.

రొకమదూర్-పదిరాక్ రైల్వే స్టేషన్ పేరు చూసి మోసపోకండి. అక్కడినుంచి గుహకు నడిచి వెళ్లలేరు, కారు ఉండాల్సిందే. అదే కారులో కొండచరియకు అతుక్కున్న రొకమదూర్ ఊరు కూడా చూసేయొచ్చు. అక్కడి 216 మెట్ల దారి ఎండెక్కకముందే ఎక్కండి.