నాపాలోనా, సొనోమాలోనా, హీల్డ్స్‌బర్గ్‌లోనా: ద్రాక్షతోటల ట్రిప్‌కి మకాం ఎక్కడ మేలు?

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, అంటే బే ఏరియాలో ఉండే మనవాళ్లకి వైన్ తోటల నాపా అంటే పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరే ట్రిప్. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి యాభై మైళ్లే కదా, హోటల్ ఖర్చెందుకు అనుకుంటారు. కానీ రాత్రి తిరిగొచ్చేటప్పుడు స్టీరింగ్ పట్టాల్సిన మనిషి పగలంతా మిగతావాళ్ల గ్లాసులు చూస్తూ కూర్చోవాలి. అందుకే రెండు మూడు రాత్రులు అక్కడే ఉండమంటాను. ఊరు ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది ఒకటే: సాయంత్రం కారు ఆపాక, మళ్లీ తాళం ముట్టకుండా భోజనానికి నడిచి వెళ్లగలమా?

నాపా లోయ పొడవు దాదాపు 30 మైళ్లు. దక్షిణం కొసన నాపా పట్టణం, ఉత్తరం కొసన కాలిస్టోగా. పేరున్న వైనరీలు, అంటే వైన్ తయారుచేసే చోట్లు, చాలావరకు ఈ మధ్యలోనే ఉన్నాయి: 1966లో మొదలైన రాబర్ట్ మోండావి, 1976 పారిస్ పోటీలో ఫ్రెంచ్ వైన్లను ఓడించిన స్టాగ్స్ లీప్, షాటో మోంటెలీనా. మొదటిసారి వెళ్తున్నవాళ్లకి ఈ పేర్లు చూడాలనే ఉంటుంది, తప్పులేదు. నాపా డౌన్‌టౌన్‌లో ఉంటే నది ఒడ్డు, ఆక్స్‌బో మార్కెట్ నడక దూరమే. చిక్కల్లా లోయ పొడవునా పోయే హైవే 29తోనే. శనివారం మధ్యాహ్నం సెయింట్ హెలీనా దగ్గర కార్లు బారులు తీరతాయి, వైనరీలో వైన్లు రుచి చూడ్డానికి బుక్ చేసుకున్న టేస్టింగ్ టైమ్ దాటిపోతుందేమోనని టెన్షన్. లోయకి తూర్పు పక్కన సిల్వరాడో ట్రైల్ ఉంది, అటు వెళ్లండి. టేస్టింగ్ ఖర్చు కూడా మూడింట్లోనూ నాపాలోనే ఎక్కువ.

కాలిస్టోగాలో వేడినీటి బుగ్గలు, మట్టి స్నానాలు ఉన్నాయి. వాటికోసమైతే ఒక రాత్రి ఉండొచ్చు. వేసవి మధ్యాహ్నాలు మాత్రం బాగా వేడి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే నా ఓటు సొనోమా ఊరికే. నడిబొడ్డున ఎనిమిది ఎకరాల ప్లాజా, పెద్ద చెట్లు, బెంచీలు. వైన్ మీద ఆసక్తి లేనివాళ్లు కూడా పూట గడిపేయొచ్చు. ప్లాజా మూలన 1823 నాటి మిషన్, అంటే క్రైస్తవ మత ప్రచారకుల పాత చర్చి ఉంది. 1846లో కాలిఫోర్నియా మెక్సికో చేతిలోది కాదంటూ ఎలుగుబంటి జెండా ఎగరేసింది ఈ ప్లాజాలోనే. ఇక్కణ్నుంచి కార్నెరోస్ ప్రాంతం మీదుగా నాపాకి అరగంట, కాబట్టి ఆ పెద్ద పేర్లు ఒక పూట చూసి రావచ్చు.

నేనైతే హీల్డ్స్‌బర్గ్‌లోనే దిగుతాను. మూడు లోయలు కలిసే చోటు అది. ఒక్కో లోయకి ఒక్కో ద్రాక్ష రకం: డ్రై క్రీక్‌లో జిన్‌ఫాండెల్, రష్యన్ రివర్‌లో పినో న్వార్, అలెగ్జాండర్ వ్యాలీలో కాబెర్నే. పొద్దున ఒక దిక్కు వెళ్లొచ్చి, మధ్యాహ్నం గదిలో నడుం వాల్చి, సాయంత్రం ఇంకో దిక్కు వెళ్లొచ్చు. రోడ్లు సన్నగా, మలుపులతో, తోటల మధ్యనుంచే పోతాయి. డ్రైవింగ్ కోసమే వెళ్లేవాళ్లకి వెస్ట్‌సైడ్ రోడ్ ఒక్కటి చాలు. ఆ దారిలోనే రష్యన్ నది వెంట గెర్న్‌విల్ ఊరి దాకా పోతే ఆర్మ్‌స్ట్రాంగ్ రెడ్‌వుడ్ అడవి. రాత్రి భోజనాలన్నీ ప్లాజా చుట్టూనే. లోటు దూరమే: శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 70 మైళ్లు, శుక్రవారం సాయంత్రం హైవే 101 మీద అది ఇంకా సాగుతుంది. ఒక్క రాత్రి కోసమైతే అంత దూరం వద్దు, సొనోమాలో ఆగిపోండి.

ఎక్కడ దిగినా డ్రైవర్ సంగతి ముందే తేల్చుకోండి. కాలిఫోర్నియాలో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే నేరం, అంతకన్నా తక్కువున్నా బండి తూలితే కేసు పెట్టొచ్చు. టేస్టింగ్‌లో ఒక్కోసారి పోసేది రెండు గుక్కలే, కానీ అయిదు రకాలు తాగితే దాదాపు ఒక నిండు గ్లాసు. కౌంటర్ మీద చిన్న బకెట్ ఉంటుంది. ఒక్క గుక్క రుచి చూసి మిగతాది అందులో వంపేయండి. పోసినవాళ్లు ఏమనుకుంటారో అని మనవాళ్లు మొహమాటపడి మొత్తం తాగేస్తారు. వాళ్లేమీ అనుకోరు, అది పెట్టిందే అందుకు.

కోతల హడావిడి ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. గదులు దొరకడం కష్టం, రేట్లూ ఎక్కువే. వీలైతే ఫిబ్రవరిలో వెళ్లండి. అప్పటికి తీగలు ఎండుకొమ్మల్లా ఉంటాయి. వాటి వరసల మధ్య మాత్రం మోకాలెత్తున ఆవపూలు, కనుచూపు మేర పసుపు.