టెలిస్కోపు కొనే ముందు ఫోర్ట్ డేవిస్‌లో రెండు రాత్రులు

డాలస్ దగ్గర మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. బాల్కనీలోంచి చంద్రుడు, గురుడు, ఓ పది చుక్కలు కనిపిస్తాయి. టెలిస్కోపు కొనాలని రెండేళ్లుగా కోరిక. ఏది కొనాలో చదివిన కొద్దీ అయోమయం పెరిగింది. "ముందు ఒకసారి చూసొద్దాం పదండి" అని మా ఆవిడ అంటే, మే అమావాస్య దగ్గరి శుక్రవారం సెలవు పెట్టి వెస్ట్ టెక్సస్‌లోని ఫోర్ట్ డేవిస్ వెళ్లాం.

ఏడున్నర గంటల పైనే డ్రైవింగ్. ఒడెస్సా దాటాక గ్యాస్ స్టేషన్లు పలచబడతాయి, కనిపించిన చోటే నింపుకోవాలి. పులిహోర, పెరుగన్నం వెంట ఉండబట్టి సరిపోయింది. ఆ చిన్న ఊళ్లో పొద్దుపోయాక మాకు తినడానికి ఏమీ దొరకలేదు.

మొదటి రాత్రి అక్కడి మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ వాళ్ల స్టార్ పార్టీ, అంటే అందరికీ ఆకాశం చూపించే కార్యక్రమం. టికెట్ ముందే బుక్ చేసుకోవాలి. మెట్ల మీద కూర్చోబెట్టి, ఆకుపచ్చ లేజర్‌తో నక్షత్ర మండలాలు చూపించారు. సప్తర్షి మండలం రాగానే మావాడికి అరుంధతిని చూపించాను. తర్వాత టెలిస్కోపులో చూస్తే వశిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోయాడు, అరుంధతి కాస్త ఎడంగా ఉంది. మా పెళ్లిలో పంతులుగారు పట్టపగలు చూపిస్తే తలూపాం. ఇన్నేళ్లకు ఇద్దరం నిజంగా చూశాం. ఆకాశం పరిచయం కావడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. కానీ క్యూలో నిలబడితే కంటికి దక్కేది ఒక్క నిమిషం. పరికరం ఎంచుకోవడానికి అది చాలదు.

ఆ రాత్రి దిగిన మోటెల్ గది శుభ్రంగా ఉంది గానీ, పార్కింగ్‌లో తెల్లని ఫ్లడ్‌లైట్లు తెల్లవార్లూ వెలుగుతూనే ఉన్నాయి. అంత దూరం వచ్చి తలుపు తీస్తే పాలపుంత కనిపించకపోవడం బాధగా అనిపించింది. రెండో రాత్రి డేవిస్ మౌంటెన్స్ స్టేట్ పార్కులోని ఇండియన్ లాడ్జ్‌లో ఉన్నాం. 1930లలో కట్టిన మట్టి ఇటుకల గోడలు, చల్లని గదులు. చుట్టూ కొండలు, చీకటి. ధర కాస్త ఎక్కువైనా నేను దానికే ఓటేస్తాను.

పార్కులో ఒక పెద్దాయన ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ (చేత్తో తిప్పే సాదా స్టాండు మీది టెలిస్కోపు) పెట్టుకుని ఉంటే, అడిగి చూశాం. చీకటికి అలవాటు పడ్డ కళ్లు చెదరకుండా, ఎర్ర లైటు ఉంటేనే దగ్గరికి రండి అన్నారు. ఎమ్13 అనే నక్షత్రాల గుత్తి అంచుల దాకా పంచదార చల్లినట్టు విడివిడి చుక్కలుగా కనిపించింది. మనసు పడిపోయాను. కానీ దాని గొట్టమే దాదాపు నాలుగడుగులు, స్టాండుతో కలిపి 20 కిలోల పైన. మూడంతస్తులు దించి ఎక్కించాలంటే నెలకోసారి కూడా బయటికి తీయను.

పక్కన ఇంకొకరి దగ్గర ఫోనుతో నడిచే 50 మి.మీ. స్మార్ట్ టెలిస్కోపు. పది నిమిషాల్లో వర్ల్‌పూల్ గెలాక్సీ సుడి చేతులు స్క్రీన్ మీదకొచ్చాయి. మావాడు ఎగిరి గంతేశాడు. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు, ఫొటోలు కావాలనుకునేవాళ్లకు అది మంచిదే. నాకు మాత్రం ఆ వెలుగు నేరుగా నా కంట్లో పడాలి.

అర్ధరాత్రి దాటాక ఆ పెద్దాయన తన డాబ్సోనియన్‌ను దక్షిణాన కొండ అంచుకు తిప్పి ఒమేగా సెంటారీ అనే మరో నక్షత్రాల గుత్తి చూపించారు. 17 వేల కాంతి సంవత్సరాల దూరం. అక్కడ అది దిగంతానికి 12 డిగ్రీల ఎత్తే వస్తుంది, అంటే చాచిన పిడికిలికి కాస్త పైన. గుంటూరులో మా మేడ మీంచి 26 డిగ్రీల దాకా లేస్తుంది. అక్కడే ఒక నిర్ణయానికొచ్చాను: గుంటూరు ఇంటికి తీసుకెళ్లగలిగేదే కొనాలి.

విమానంలో చెక్-ఇన్ పెట్టెకు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెం.మీ., బరువు 23 కిలోలే సాధారణంగా పరిమితి. ఎనిమిది అంగుళాలది అందులో పట్టదు. తిరిగొచ్చాక స్కైవాచర్ హెరిటేజ్ 130పీ అనే చిన్న టెలిస్కోపు తెప్పించాను. గొట్టం ముడుచుకుంటుంది, మొత్తం ఆరు కిలోలు, ధర పెద్దదానిలో సగానికి అటూ ఇటూ. బల్ల మీద పెట్టి చూడాలి. గొట్టం పైభాగం తెరిచి ఉంటుంది కాబట్టి వీధి లైట్లు పడకుండా నల్ల ఫోమ్ షీటు చుట్టాను. ఎమ్13 ఇందులో అంత విడిపోదు, నిజమే.

ఏప్రిల్‌కు టికెట్లు తీశాం. మేడ మీద ట్యూబ్‌లైటుకు విడిగా స్విచ్చు పెట్టించమని నాన్నకు చెప్పాను.